నోరు కుట్టేసిన సంచి

ఆ రోజుల్లో నాకు నా కాళ్ల మీద మహా నమ్మకం. పరుగు పందేల కాళ్లని కాదు, కుట్టుమిషన్ తొక్కే కాళ్లని. సారపాకలో మా పెదనాన్న దుకాణంలో ఒక పక్క నేను జాకెట్లు కుట్టేదాన్ని. ఇంకో పక్క ఆయన నేల మీద కూర్చుని, ఆరెతో తోలుకు బెజ్జాలు పొడిచి, మైనం రాసిన దారంతో మిల్లు పనివాళ్ల కాన్వాసు సంచులు చేత్తోనే కుట్టేవాడు. ఇరవై ఏళ్లకే నాకు లోకంలో తెలియని సంగతి లేదు (ఇప్పుడు అందులో సగం కూడా తెలియదు). ఆయనకేమో చూపు మందగించింది. ఆరె దారి తప్పి వేళ్లలో దిగడం మొదలైంది. కట్టు కట్టేది నేనే కాబట్టి ఎన్ని పోట్లో నాకు తెలుసు. మిషన్ కొందామంటే మాత్రం ఒకటే జవాబు: "నాలుగు పొరల కాన్వాసు, నడుమ తోలు పట్టీ... గది కుట్టే మిషన్ ఇంకా పుట్టలే బిడ్డా."

ఒకసారి బొటనవేలు చీము పట్టి దవాఖానాకు పోవాల్సి వచ్చింది. ఇట్లాగే ఉంటే వేలు తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరమ్మ కోప్పడింది. నేను అక్కడే ఏడ్చేశాను. నా ఏడుపు చూడలేక పెదనాన్న దిగొచ్చాడు గానీ, ఒక షరతు పెట్టాడు. "ఖమ్మం పోదాం పా. నా సంచిని కుడితే కొందాం. కుట్టకపోతే మళ్ల మిషన్ ముచ్చట ఎత్తొద్దు." సంచి అంటే ఆయన స్వయంగా కుట్టుకున్న భుజం సంచి. అందులో పెద్దమ్మ కట్టిన గోంగూర అన్నం టిఫిన్ డబ్బా, ఆయన కళ్లజోడు పెట్టుకుని బస్సెక్కాం.

ఖమ్మంలో మిషన్ల దుకాణాయన ముందుగా తళతళలాడే మిషన్ ఒకటి చూపించాడు. నేను దాని రంగుకే పడిపోయాను. ఆయన కాన్వాసు ముక్కలు నాలుగు పేర్చి కుడితే కింది పొర ముందుకు పోయింది, పై పొర వెనకబడింది, కుట్టు వంకర తిరిగింది. పెదనాన్న నా వైపు చూసి నవ్విన నవ్వు ఇప్పటికీ మర్చిపోలేను. అప్పుడు దుకాణాయన మూలనున్న నల్లటి మొద్దు కరెంటు మోటారు మిషన్ ముసుగు తీశాడు. "ఇది వాకింగ్ ఫుట్ పెద్దాయనా. బట్టను నొక్కే పాదం ఉత్తగ నిలబడదు, లేచి బట్టతో పాటు అడుగేస్తది. పొరలన్నీ ఒక్కతీరు నడుస్తయి."

"పాదం నడుసుడేంది!" అని పెదనాన్న సంచిని భుజం నుంచి తీసి మిషన్ మీద పడేశాడు. "దీని మూతి రెండు పక్కలా కలిపి పెట్టు, నడుమ తోలు పట్టీ పెట్టు. అప్పుడు తెలుస్తది దీని సంగతి." లోపలి డబ్బా తియ్యాలని కూడా ఆయనకు తోచలేదు. సూది దిగితే కదా! "నాలుగు వేళ్ల మేర కుట్టి ఆపమ్మా," అన్నాడు దుకాణాయన. నేను దర్జాగా కూర్చుని, మా మిషన్ తొక్కినట్టే రెండు పాదాలూ పెట్టి ఒక్క తొక్కు తొక్కాను.

బుర్రుమంది! అట్లాంటి చప్పుడు నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. సంచి నా చేతుల్లోంచి దానంతటదే నడిచిపోతోంది. మా మిషన్ ఆగాలంటే కుడిచేత్తో చక్రం పట్టుకుంటాం, కాళ్లు తియ్యం. నేనూ అదే చేశాను. చక్రం నా అరచేతిని చురుక్కుమనిపించింది, ఆ భయానికి కాళ్లు ఇంకా బిగుసుకుపోయాయి. "కాళ్లు తియ్యమ్మా! కాళ్లు!" అని దుకాణాయన అరుస్తున్నాడు, నాకేమో చెయ్యి అన్నట్టు వినపడుతోంది. చివరికి ఆయనే స్విచ్చి ఆపాడు. అప్పటికి సంచి మూతి ఈ కొన నుంచి ఆ కొన దాకా కుట్టేసి ఉంది. అన్నం లోపల, కళ్లజోడు లోపల. ముగ్గురం నోరు తెరుచుకుని నిలబడ్డాం (నోరు మూసుకున్నది సంచి ఒక్కటే).

అయిపోయింది, ఇక మిషన్ మాటే లేదనుకున్నాను. పెదనాన్న సంచి అందుకున్నాడు. కళ్లజోడు లేదు కదా, కట్టు కట్టిన బొటనవేలితోనే కుట్టు పొడుగునా మెల్లగా తడిమాడు. రెండు చేతులా పట్టి లాగాడు. మళ్లీ లాగాడు. నేను గబగబా కత్తెర తీస్తే చెయ్యి పట్టుకున్నాడు. "ఖబడ్దార్! ఒక్క పోగు తెంపినవో!" తర్వాత దుకాణాయన వైపు తిరిగి, "గిదే కట్టియ్యి," అన్నాడు. "కానీ బిడ్డకు కాళ్లు తీసుడు నేర్పు ముందు."

ఇంటి అన్నం ఉండగా హోటల్లో తినడమేంటని, తిరుగు బస్సులో ఇద్దరం గోంగూర వాసన చూస్తూ పస్తుతో వచ్చాం. ఇంటికొచ్చాక పెదనాన్న ఆ కుట్టు ముట్టుకోలేదు, సంచి అడుగు కోసి అన్నం తీశాడు. ఆ కోసిన వైపే అంచు కుట్టించి మూతి చేసుకున్నాడు. మళ్లీ ఆరె పట్టలేదు, ఆ వేలు ఆయనకు చివరిదాకా దక్కింది.

ఆయన ఇప్పుడు లేడు. మిషన్ ఉంది, సంచి మేకుకు ఉంది. పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలు, "అక్కా, గీ సంచికి భుజం పట్టీ కిందికి ఉందేంది?" అని అడుగుతారు. "గది డిజైన్," అంటాను గంభీరంగా. నాకూ చూపు ఆనడం లేదీమధ్య. అద్దాలు పెట్టుకోవడం మరిచిపోయిన రోజు కుట్టు సరిగా పడిందో లేదో బొటనవేలితోనే తడిమి చూసుకుంటాను. కంగారు పుడితే మాత్రం నా కుడిచెయ్యి ఇప్పటికీ చక్రం మీదికే పోతుంది.