ఆమె వెనక నా చెయ్యి

ఆ పొద్దున మా ఇంటావిడ సుగుణ వాకిట్లోంచి ఒక చెప్పుతోనే లోపలికి వచ్చింది. రెండోది గడప బయటే జారిపోయింది. ఆమెకు తెలియలేదు. నేను నవ్వాను.

"నవ్వుతవేందయ్యా, నా కాలు నాకే తెలుస్తలేదు" అంది.

అప్పటికి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి, కీమో నడుస్తోంది. చెబితే కీమో ఆపేస్తారన్న భయంతో సుగుణ నన్ను డాక్టరుకు చెప్పనివ్వలేదు. బాత్రూమ్‌లో రెండుసార్లు తూలాక గానీ ఆమె నోరు విప్పలేదు.

"ఇది కీమో వల్ల వచ్చే న్యూరోపతి, నరాలు మొద్దుబారడం. ముందే చెప్పాల్సింది. పడి ఎముక విరిగితే ట్రీట్‌మెంట్ ఆగుతుంది" అన్నారు డాక్టరు.

ఫిజియోథెరపీకి తాండూరు నుంచి వికారాబాద్‌కు రైల్లో తీసుకెళ్లేవాణ్ణి. అక్కడి ఫిజియో అమ్మాయి సుగుణ కళ్లకు వీఆర్ హెడ్‌సెట్ పెట్టింది. అందులో తాను నీళ్ల మీద పడవలో నిలబడ్డట్టు కనిపిస్తుంది. అది ఊగినప్పుడల్లా ఒరగకుండా నిలబడాలి.

"అమ్మో, నీళ్లల్ల ముంచుతవా బిడ్డా!" అని సుగుణ ఎన్నాళ్లకో నవ్వింది.

"అన్నా, మీరు పట్టుకోవద్దు. పక్కన నిలబడండి చాలు" అంది ఆ అమ్మాయి.

నేను బండల పాలిష్ యూనిట్‌లో పనిచేస్తాను. నిలబెట్టిన బండ వెనక నుంచి చెయ్యి తీయకూడదని అక్కడ మొదటి రోజే నేర్పుతారు. ఆ అమ్మాయి వేరే పేషెంట్ వైపు తిరగగానే నా చెయ్యి సుగుణ నడుము వెనక్కి పోయేది. ఆమె ఎంత నిలకడగా ఉందో చూపే స్కోరు తెర మీద పెరిగింది. ఇంట్లో వ్యాయామం చేయించేటప్పుడూ అంతే. "మంచిగ నిలబడుతుంది మేడం" అని ఆ అమ్మాయికి చెప్పాను.

నేను పనికి పోయిన ఒక రోజు సుగుణ వంటింట్లో తూలి, అలవాటుగా వెనక్కి ఒరిగింది. నా చెయ్యి అక్కడ లేదు. మణికట్టు విరిగింది. కీమో వాయిదా పడింది. తర్వాతి స్కాన్‌లో లివర్‌కు క్యాన్సర్ పాకిన మచ్చలు కనిపించాయి.

"వాయిదా వల్లే అని చెప్పలేం" అన్నారు డాక్టరు. కాదని కూడా అనలేదు. ఆ మాట పట్టుకుని నేను ఎలా నిద్రపోవాలి?

ఫిజియో అమ్మాయికి నిజం చెప్పాను. "ఇన్ని రోజులు ప్రాక్టీస్ చేసింది మీ చెయ్యి అన్నా" అంది.

ఇప్పుడు వేరే కీమో నడుస్తోంది. ఆమె గోడ పట్టుకుని నడుస్తుంది. వ్యాయామం మళ్లీ మొదటి నుంచి. మొన్న పడవ ఊగగానే నా చెయ్యి దానంతటదే లేచి ఆమె నడుముకు తగిలింది. హెడ్‌సెట్ తియ్యకుండానే సుగుణ అంది:

"కాళ్లే తెలుస్తలేవు గానీ, నీ చెయ్యి తెలుస్తుంది. తియ్యి."

తీశాను. మీ ఇంట్లో ఇలాంటి వాళ్లుంటే మీరూ అందేంత దగ్గరలో నిలబడండి. పడబోతే తప్ప చెయ్యి వేయకండి.