గడియ పడిన చప్పుడు

1996 ఏప్రిల్‌లో రేణిగుంట పారిశ్రామికవాడలోని ఒక విద్యుత్ పరికరాల కర్మాగారంలో సీనియర్ డిజైన్ ఇంజనీరుగా చేరాను. మేము తయారుచేసేవి కనెక్టర్ల హౌసింగులు. ఆ మాట చెబితే మా బంధువుల్లో చాలామందికి అర్థమయ్యేది కాదు. “ప్లగ్గులకు చొక్కాలు కుట్టే ఉద్యోగం” అని మా బావ ఎగతాళి చేసేవాడు. నిజానికి ఆయన పెద్ద తప్పేమీ చెప్పలేదు.

ఫ్యాక్టరీలో పెద్ద మోటారుకు వెళ్ళే కేబుల్‌ను ఎక్కడో ఒకచోట విడదీసి మళ్ళీ కలిపే ఏర్పాటు ఉండాలి. లేకపోతే యంత్రాన్ని జరపడానికీ, మరమ్మతుకు తీయడానికీ వీలుండదు. ఆ కలిసే చోట ఇత్తడి పిన్నులుంటాయి. వాటికి నీరు, దుమ్ము, మనిషి వేలు తగలకుండా చుట్టూ ఉండే అల్యూమినియం పెట్టెను హౌసింగ్ అంటాం. యంత్రానికి బిగించి ఉండే కింది భాగం బేస్, కేబుల్ చివరన ఉండే పై భాగం హుడ్. షాపులో పనిచేసేవాళ్ళకు మాత్రం అవి పెట్టె, టోపీ. పెట్టె మీద టోపీ కూర్చోబెట్టి పక్కనున్న లీవరు తిప్పితే గడియ పడుతుంది. మధ్యలో ఉన్న రబ్బరు గ్యాస్కెట్ నలిగి, నీరు దూరే సందు మూసుకుంటుంది.

మా డిజైన్ విభాగానికి మేనేజరు శేషాచలం గారు. ఆయన సంతకం లేనిదే ఏ డ్రాయింగూ టూల్‌రూమ్ గడప తొక్కేది కాదు. మా కంపెనీలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడుపోయే ఒంటి లీవరు హౌసింగు ఆయన గీసిందే. మొదట్లో లీవరు మెత్తగా, చప్పుడు లేకుండా పడేదట. మూసుకుందో లేదో తెలియడం లేదని కొన్నవాళ్ళు ఫిర్యాదు చేస్తే, ఆయన అందులో ఒక చిన్న స్ప్రింగు పెట్టారు. అప్పటినుంచి గడియ పడగానే టక్‌మని గట్టిగా వినిపించేది. ఎవరైనా మా ఆఫీసుకు వస్తే ఆ చప్పుడు వినిపించి గాని పంపేవారు కాదు. పెళ్ళిచూపుల్లో పిల్ల చేత పాట పాడించినట్టు ఉంటుందని మేము చాటున నవ్వుకునేవాళ్ళం.

1998 జూన్‌లో, మామిడి కాయ దిగే రోజుల్లో, చిత్తూరు దగ్గర ఒక గుజ్జు ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగింది. తోతాపురి కాయ ముక్కలను నలిపి గుజ్జు తీసే యంత్రాన్ని పల్పర్ అంటారు. షిఫ్టు మారేటప్పుడు దాన్ని గొట్టంతో నీళ్ళు కొట్టి కడుగుతున్నారు. కాయలు కోసే చెంగమ్మ బల్ల దిగుతూ ఆసరాకని దాని మీద చెయ్యి వేసింది. యంత్రం ఒంట్లో కరెంటు ఉంది. ఆమె అక్కడే ప్రాణం వదిలింది.

యంత్రం పైరేకుకు కరెంటు పాకితే అది ఎర్త్ తీగ గుండా భూమిలోకి పోవాలి, మెయిన్ స్విచ్ పడిపోవాలి. ఆరోజు పడలేదు. జనం పరుగెత్తివచ్చి కేబుల్ లాగేశారు. లాగేముందే టోపీ ఒక పక్క లేచి ఉందని చూసినవాళ్ళు చెప్పారు, లీవరు సంగతి ఎవరూ గమనించలేదు. దాని కనెక్టరుకు ఉన్నది మా ఒంటి లీవరు హౌసింగే. ఆ షిఫ్టులో దాన్ని కలిపినవాడు మునిరత్నం అనే ఎలక్ట్రీషియన్. గడియ వేయకుండా వదిలేశాడని ఫ్యాక్టరీవాళ్ళు అతన్ని సస్పెండు చేశారు. పోలీసులు నిర్లక్ష్యం కింద కేసు రాసుకున్నారు. హౌసింగులో ఏ లోపమూ లేదని మా కంపెనీ ఒక సాంకేతిక నివేదిక ఇస్తే చాలు, వ్యవహారం అక్కడితో ముగిసిపోతుంది. అతని ఉద్యోగం, అతని పేరు కూడా.

‘ఆపరేటర్ నిర్లక్ష్యం’ అన్న రెండు మాటలంటే నాకు ట్రైనీగా ఉన్నప్పటినుంచీ ఒళ్ళు మంట. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఏ ఫ్యాక్టరీలో ఏం జరిగినా చివరికి ఆ మాటలు కింద ఉన్నవాడి నెత్తిన పడతాయి. శేషాచలం గారు నన్ను పిలిచి, “మీరు వెళ్ళి చూసి రండి. వెళ్ళకముందే ఏదీ అనుకోవద్దు” అన్నారు.

మునిరత్నాన్ని ఫ్యాక్టరీ గేటు లోపలికి రానివ్వడం లేదు. రోజూ వచ్చి ఎదురుగా ఉన్న టీకొట్టు బెంచీ మీద కూర్చుంటున్నాడని చెబితే అక్కడికే వెళ్ళాను. ముప్పై దాటిన మనిషి. గడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి.

“నేను యేసినా సార్. టక్ అనింది. ఈ సెవులతో ఇన్నా. ఎవురు నమ్ముతారు? ఆయమ్మ మా ఊరే. అక్కా అని పిలిసేవాణ్ణి. వాళ్ళాయన సుబ్రమణ్యం బావ నా మొగం సూడటంలే. యాడికి పోయినా జనం పక్కకు తిరుక్కుంటా ఉండారు. నిన్న మాయమ్మ గూడా అడిగింది, నిజం జెప్పు నాయనా, యేసినావా లేదా అని.”

అతనికీ నాకూ టీ చెప్పాను. టీ తాగి లోపలికి వెళ్ళాను.

ప్రమాదం జరిగిన పల్పర్‌ను అప్పటికే కడిగి తుడిచి పెట్టారు. దాన్ని చూసి లాభం లేదని మిగిలిన యంత్రాల దగ్గరికి పోయాను. ఆ సీజనులో లారీలు, ట్రాక్టర్లు రోడ్డు పొడవునా నిలిచి ఉంటాయి. కాయ ఆగదు, మగ్గిపోతుంది. అందుకని ఒక పల్పర్ మొరాయిస్తే దాన్ని పక్కకు నెట్టి, కేబుల్ తీసి ఇంకోదానికి తగిలిస్తారు. పక్కకు పోయినదాని పెట్టె నోరు ఆకాశం వైపు తెరుచుకుని, కాయలు కోసే బల్లల పక్కనే ఉంటుంది. అలాంటి ఒక పెట్టెలోకి టార్చి వేసి చూస్తే అడుగున గోధుమరంగు పొర కనిపించింది. గోటితో గీరాను. సాగింది. వాసన చూశాను. మామిడి తాండ్ర.

చాప మీద రసం పోసి, ఆరాక మళ్ళీ పోసి, పొర మీద పొర పెంచి తాండ్ర చేస్తారు. ఇక్కడ ఎవరూ చేయకుండానే అయింది. చిందిన గుజ్జు చుక్క చుక్కగా పడి, ఎండి, దాని మీద మళ్ళీ పడి గట్టిపడింది. కడిగేవాళ్ళు పైకి కనిపించినంత మేరకు తుడుస్తున్నారు. పిన్నుల సందుల్లోకి, మూలల్లోకి గుడ్డ పోదు.

టోపీ తీసినప్పుడు పెట్టె నోరు మూసి ఉంచడానికి మేము ప్రతి బేస్‌తోనూ ఒక మూత ఇచ్చేవాళ్ళం. అవి ఏమయ్యాయని స్టోర్ కీపరును అడిగాను. ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోకుండా అర తెరిచి, గోనెసంచి దించి చూపించాడు. కొత్తవి కొత్తగానే, మా కంపెనీ కవరులోనే ఉన్నాయి.

“పారేసుకుంటారని ఈడనే పెట్టినాను సార్. ఒక్కటి గూడా పోలేదు” అన్నాడు.

ఆ ముఖంలో ఉన్న తృప్తి చూసి నాకు కోపం కూడా రాలేదు. మన ఇళ్ళలో కొత్త స్టీలు గిన్నెలు అటక మీదే ఉంటాయి, సొట్టలు పడినవాటిలో వండుకుంటాం. ఆయనా అదే చేశాడు.

రేణిగుంటకు వచ్చి పరీక్ష మొదలుపెట్టాను. కొత్త బేస్ ఒకటి తీసుకుని, తోతాపురి గుజ్జు చెంచాతో అడుగున రాసి మిద్దె మీద ఎండబెట్టాను. ఆరాక మళ్ళీ రాశాను. మా విభాగంలో కుర్రకారు నవ్వారు. డిజైన్ ఆఫీసులో తాండ్ర పెడుతున్నానన్న మాట క్యాంటీను దాకా పోయింది. ఆ ఫ్యాక్టరీలో చూసినంత మందానికి పొర వచ్చాక, దాన్ని పరీక్ష గదిలో బల్లకు బిగించి శేషాచలం గారిని పిలిచాను.

టోపీ పెట్టి లీవరు తిప్పాను. టక్‌మంది. కొత్త హౌసింగు చప్పుడుకీ దీనికీ రవ్వంత తేడా లేదు. ఆ తర్వాత ఫీలర్ గేజ్ తీశాను. సందు ఎంతుందో కొలవడానికి వాడే పలుచని ఉక్కు రేకు అది. లీవరు ఉన్న వైపు దూరలేదు. రెండో వైపు సులువుగా లోపలికి పోయింది. లీవరు ఒక పక్కనే ఉంది కనుక ఆ పక్క అణిగింది, తాండ్ర మీద కూర్చున్న అవతలి పక్క లేచింది. మా ఎర్త్ పట్టీ ఉండేది అవతలి పక్కనే. మీటరు పెట్టి చూస్తే ఎర్త్ కలవలేదు. గొట్టంతో నీళ్ళు కొట్టగానే సందులోంచి లోపలికి పోయాయి. పిన్నుల్లోని కరెంటు ఆ తడి గుండా పెట్టెకు, పెట్టె నుంచి యంత్రానికి పాకుతుంది.

శేషాచలం గారు నన్ను పక్కకు జరగమని చేత్తో సైగ చేసి, తానే టోపీ తీసి పెట్టారు. టక్‌మంది. మళ్ళీ తీశారు, మళ్ళీ పెట్టారు. ఎన్నిసార్లు వేశారో నేను లెక్కపెట్టలేదు. ప్రతిసారీ అదే చప్పుడు. చివరికి స్టూలు లాక్కుని కూర్చున్నారు.

“స్ప్రింగు నా ఆలోచన. లీవరు తిరిగితే మోగేట్టు పెట్టాను. టోపీ కూర్చుంటే మోగేట్టు పెట్టలేదు” అన్నారు.

మా జనరల్ మేనేజరు నేను రాసిన నివేదికను చదివి, సూచనల ప్రకారం మూతలు వాడలేదని రాస్తే చాలు కదా అన్నారు. అది అబద్ధం కాదు. అలా రాస్తే మా కంపెనీ పేరు నిలబడేది, మునిరత్నం మాత్రం అలాగే ఉండిపోయేవాడు. శేషాచలం గారు, “మూత లేదన్నది నిజం, రాస్తాం. మూత లేకపోయినా, టోపీ కూర్చోనప్పుడు గడియ టక్‌మనకూడదు. అదీ రాస్తాం” అని, ‘డిజైన్ లోపం’ అన్న మాటను తన చేత్తో రాసి సంతకం పెట్టారు. నా ఉద్యోగ జీవితంలో ఒక పై అధికారిని చూసి గర్వపడిన సందర్భాలు బహు కొద్ది. వాటిలో ఇది మొదటిది.

విద్యుత్ తనిఖీ అధికారి మా పరీక్ష గదికి వచ్చి స్వయంగా లీవరు తిప్పి చూసుకున్నారు. ఆయన నివేదిక మీద ఫ్యాక్టరీ సస్పెన్షన్ ఎత్తివేసింది. తర్వాత కేసు కూడా పోయింది. ఈ సంగతి చెప్పినప్పుడు మునిరత్నం ఎగిరి గంతెయ్యలేదు. ఒక్కటే అడిగాడు. “సార్, ఆ మాట మా బావకు మీ నోటితో ఒగసారి జెప్పండి. నేను జెప్తే సెల్లదు.”

తాండ్ర పట్టిన ఆ బేస్‌ను, టోపీని సంచిలో పెట్టుకుని బయలుదేరాను. శేషాచలం గారు తానూ వస్తానని జీపెక్కారు. సుబ్రమణ్యం ఇంటి ముందు తిన్నె మీద కూర్చున్నాం. మునిరత్నం వీధి మలుపు దగ్గరే ఆగిపోయాడు. నేను టోపీ పెట్టి, ఆయన్నే లీవరు తిప్పమన్నాను. టక్‌మంది. జేబులో మిగిలిపోయిన పాత బస్సు టికెట్టు తీసి అవతలి పక్క సందులోకి దూర్చాను. లోపలికంటా పోయింది.

ఆయన ఆ టికెట్టును తానే లాగి, మళ్ళీ దూర్చి చూశాడు.

“అయితే మునిరత్నం యేసినాడు.”

“వేశాడు.”

“సప్పుడు గూడా ఇనింటాడు.”

“విన్నాడు.”

ఆయన మళ్ళీ ఒకసారి తీసి వేశాడు. తల ఎత్తకుండానే, “ఈ సప్పుడు పెట్టిందెవురు సార్?” అన్నాడు.

కంపెనీ అని చెబుదామని నోరు తెరిచాను. అంతలో శేషాచలం గారు, “నేనేనప్పా” అన్నారు.

సుబ్రమణ్యం ఆయన్ను తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు. ఆ టోపీని తీసి ఆయన చేతుల్లో పెట్టాడు. తర్వాత వీధి మలుపు వైపు తిరిగి గట్టిగా పిలిచాడు. “ఆడ ఏం జేస్తా ఉండావు? ఇంట్లోకి రాప్పా.” మునిరత్నం వచ్చి గుమ్మం దగ్గరే కూలబడి, పెద్దగా ఏడ్చాడు.

మరుసటి మామిడి సీజనుకు కొత్త హౌసింగు తెచ్చాం. పెట్టె నోరు కిందికి తిప్పాం, పడిన గుజ్జు అందులో నిలవదు. మూతను గొలుసుతో బేస్‌కే కట్టాం, స్టోరుకు పోదు. ఎర్త్ పిన్నును మిగతావాటికన్నా పొడుగు చేశాం. అది ముందుగా కలిసి, చివరగా విడిపోతుంది. లీవరు దారిలో ఒక అడ్డు పెట్టాం. టోపీ రెండు చివరలూ పూర్తిగా కూర్చుంటేనే ఆ అడ్డు తొలగుతుంది. లేకపోతే లీవరు సగంలో ఆగుతుంది, చప్పుడు రాదు. నేను రిటైరయ్యేదాకా అదే నమూనా నడిచింది. ఆఫీసుకు వచ్చినవాళ్ళకు చప్పుడు వినిపించే అలవాటు శేషాచలం గారు ఆ పరీక్ష రోజుతో మానేశారు.

మునిరత్నం తిరిగి పనిలో చేరాడు. కొత్త హౌసింగును మొదటగా బిగించింది అతనే, నేను పక్కనే ఉన్నాను. టోపీ పెట్టాడు, లీవరు తిప్పాడు, టక్‌మంది. అయినా రెండు చివరలూ పట్టుకుని గట్టిగా లాగి చూశాడు. ఆ అవసరం ఇక లేదని చెప్పబోయి మానుకున్నాను. తర్వాత నా దగ్గర చేరిన ప్రతి ట్రైనీకీ గడియ వేశాక లాగి చూడటమే మొదట నేర్పాను. రెండోది, ప్రమాదం జరిగిన చోటికి వెళ్ళినప్పుడు ఎలా వినాలో చెప్పాను. టక్‌మని విన్నానన్న మనిషిని నమ్మాలి. టక్‌ను మాత్రం నమ్మకూడదు.