ఇరవై నలుగురు ఆడపిల్లలతో కాణిపాకం

మా చెల్లెలి కూతురు సుగుణ బడిలో ఆటల టీచరు. ఎండాకాలం సెలవుల్లో ఐరాల దగ్గర ఒక మామిడి తోటలో ఆడపిల్లలకు పది రోజుల క్యాంపు పెడుతుంది. కబడ్డీ, కర్రసాము, బొమ్మలు గీయడం, చెట్లెక్కడం, అన్నీ నేర్పుతారు. ఈసారి క్యాంపు మధ్యలో ఉండగా వాళ్ళ అత్తను చిత్తూరు ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. నాకు ఫోన్ చేసి, "మామా, ఒక్క రోజు వచ్చి ఉండు. నలుగురు డిగ్రీ పిల్లలు ఉండారు, పనంతా వాళ్ళే చూసుకుంటారు. వాళ్ళ మీద పెద్ద దిక్కుగా నువ్వు కూర్చుంటే చాలు" అంది. "నన్ను చూసి కోళ్ళు కూడా భయపడవు కదమ్మా" అన్నాను. "భయపెట్టేదానికి కాదులే మామా, ఉండేదానికి" అంది. కొత్తవాళ్ళ ముందు నాకు నోరు పెగలదు. అయినా సుగుణ ఎప్పుడూ ఏదీ అడిగే మనిషి కాదు. అందుకే బయలుదేరాను.

వడమాలపేటలో ఉదయం అయిదున్నర బస్సు పట్టుకుంటే ఆరుంబావుకు తిరుపతిలో దిగాను. టికెట్టు నలభై రూపాయలు. అక్కడి నుంచి కాణిపాకానికి నేరుగా బస్సులు ఉన్నాయి. నూటపది తీసుకున్నారు, రెండు గంటలు పట్టింది. కిటికీ పక్క సీటు దొరికితే దారి పొడుగునా మామిడి తోటలే చూడవచ్చు. కాణిపాకంలో దిగి ఐరాల వైపు వెళ్ళే షేరు ఆటో ఎక్కాను. "యాడికి తాతా?" అన్నాడు ఆటో అబ్బాయి. ఆడపిల్లల క్యాంపుకు అన్నాను. "నువ్వేం నేర్పిస్తావు ఆడ?" అన్నాడు. "ఏమీ లేదప్పా, కూర్చుంటాను." "మంచి ఉద్యోగం పట్టినావు పో. నాకూ ఒకటి చూడు" అని నవ్వాడు. ముప్పై రూపాయలు తీసుకొని తోట గేటు దాకా దించాడు. టైము తొమ్మిదిన్నర.

సుగుణ స్కూటరు స్టార్టు చేసుకొని ఉంది. బీరువా తాళాలు, పిల్లల ఆధార్ కాపీలున్న ఫైలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. క్యాంపులో ఇరవై నలుగురు పిల్లలు. అందరూ పదేళ్ళకూ పదమూడేళ్ళకూ మధ్యవాళ్ళు. ఆరుగురికి ఒక అక్క. నలుగురు అక్కల్లో పెద్దది లావణ్య, పాకాల పిల్ల. మెడలో విజిల్, చేతిలో లిస్టు. ఆ పిల్ల చురుకు చూస్తే నాకు ముచ్చటేసింది. నేను చెట్టు కింద కుర్చీ వేసుకొని కూర్చున్నాను. పిల్లలు వచ్చి పేరడిగారు, ఊరడిగారు, మీసం ఎందుకు తెల్లగా ఉందని అడిగారు. అన్నిటికీ ఒక్కో మాటలో చెప్పాను.

మధ్యాహ్నం రాగి సంకటి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి. అందరూ రెండోసారి పెట్టించుకుంటుంటే ఒక పిల్ల మాత్రం ముద్ద ముట్టకుండా కూర్చుంది. సన్నగా, రెండు జడలతో ఉంది. వంట చేసే చెంగమ్మను ఎవరా పిల్ల అని అడిగాను. "మెర్సీ అన్నా. ఆ హేమ అనే పాపది వెండి పట్టీ ఒకటి పోయింది. ఇద్దరూ పక్కపక్కనే పండుకుంటారు. అందుకని ఈ పాపే తీసిందని అందరూ అంటాండారు. నిన్నటి నుంచి ఒక్కరూ మాట్లాడలే దాంతో" అంది.

లావణ్యను పిలిచి అడిగాను. తోటంతా వెతికారట, సంచులన్నీ దులిపారట. "సాయంత్రం ఎట్లాగూ కాణిపాకం పోతాండాము కదా తాతా. ఆడ మెర్సీతో ఒట్టు పెట్టిస్తాము. తీసుంటే ఆడ అబద్ధం చెప్పలేదు. ఆసుపత్రి హడావిడిలో ఉండారని మేడమ్‌కు చెప్పలే. ఆమె వచ్చేలోగా తేల్చకపోతే నన్నే అంటారు" అంది. ఈ పక్క వాళ్ళకు ఇది తెలిసిన సంగతే. పొలం గట్టు తగాదా అయినా, ఇంట్లో సొమ్ము పోయినా, ఆఖరికి కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేయమంటారు. పోలీసులకు జంకని మనిషి కూడా అక్కడ జంకుతాడు. నేను ఊ అన్నాను. ఆ ఒక్క ఊ అనకుండా ఉండవలసింది.

మూడు గంటల బస్సు తోట ముందే ఆగింది. ఇప్పుడు ఆడవాళ్ళకు టికెట్టు లేదు కదా, కండక్టరు ఫైలులో ఆధార్ కాపీలు చూసి వరసగా సున్నా టికెట్లు కొట్టడం మొదలుపెట్టాడు. "ఇంతమందిలో డబ్బులిచ్చే మగాడివి నువ్వొక్కడివే తాతా. ఇరవై తియ్" అన్నాడు. పిల్లలంతా గొల్లున నవ్వారు. మెర్సీ పక్కన ఎవరూ కూర్చోలేదు. నేను వెళ్ళి కూర్చున్నాను. కాసేపటికి ఆ పిల్ల మెల్లగా అడిగింది. "తాతా, మా అమ్మ దేనిమీదా ఒట్టు పెట్టొద్దని చెప్పింది. మేము చర్చిలో కూడా పెట్టము. అవునంటే అవును, కాదంటే కాదు, అంతే. నేను ఒట్టు పెట్టకపోతే, నేనే తీసినట్టా?"

ఒట్టు పెడితే అమ్మ మాట పోతుంది. పెట్టకపోతే దొంగ అన్న పేరు ఇంటిదాకా వెంట వస్తుంది. పన్నెండేళ్ళ పిల్లను మేము తీసుకొచ్చి నిలబెట్టిన చోటు అది.

కాణిపాకంలో దిగేసరికి మూడున్నర. చెప్పుల స్టాండు దగ్గర అందరూ చెప్పులు విప్పి సంచుల్లో వేస్తున్నారు. లావణ్య మెర్సీ చేయి పట్టుకొని, "పా, నువ్వు ముందు నడువు" అంది. మెర్సీ కదల్లేదు. "చూసినారా, రానంటాది" అంది వెనకనుంచి ఒక పిల్ల. హేమ తల దించుకుంది.

"లావణ్యా, ఆగమ్మా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అందరూ నా వైపు తిరిగారు. "ముప్పై ఏండ్ల కింద మా అన్నను నేను ఈడికే పిలుచుకొచ్చినాను. బావి నీళ్ళ వంతు తగాదా. రాత్రిపూట నా వంతు నీళ్ళు మళ్ళించుకున్నాడని నేనన్నా, లేదని ఆయనన్నాడు. తడిగుడ్డలతో ప్రమాణం చేసినాడు. ఆయన చెప్పిందే నిజం. గట్టు కింద ఎండ్రకాయ బొక్కలోంచి నీళ్ళు పోతా ఉండినాయి, నెల తర్వాత నాకే కనపడినాయి. పోయి కాళ్ళు పట్టుకున్నా. ఏం లేదు లేరా అన్నాడు. కానీ కన్ను మూసేదాకా మా ఇంట్లో ఒక్క పూట అన్నం తినలేదు."

లావణ్య చేయి వదల్లేదు. "అది పెద్దోళ్ళ సంగతి తాతా. ఈడ వస్తువు పోయింది కదా" అంది.

"సరేమ్మా. అయితే ముందు నువ్వు చెయ్యి. ఈ బిడ్డ తీసింది, నాకు తెలుసు అని దేవుని ముందర నువ్వు చెప్పు. తర్వాత ఆ బిడ్డను అడుగుదాం."

లావణ్య సాయం కోసం పక్కకు చూసింది. పక్కన ఉన్న ముగ్గురు అక్కలూ సంచులు సర్దుకోవడంలో పడ్డారు. అప్పుడు హేమ అంది. "నేను కూడా చెయ్యలేను తాతా. నేను చూడలే. పొద్దన లేసి చూస్తే కాలికి లేదు. అంతే నాకు తెలిసింది." వెనకనుంచి ఇందాకటి పిల్లే, "అయితే కబడ్డీలో ఊడిపోయుంటాదిమే. నువ్వు గాడిద మాదిరి కాళ్ళు ఇసురుతావు కదా" అంది. "నువ్వే గాడిద" అంది హేమ. ఎవరో నవ్వారు. లావణ్య చేయి వదిలేసి, "మరి మేడమ్‌కు ఏం చెప్పేది?" అని నన్నడిగింది. కళ్ళలో నీళ్ళు. పందొమ్మిదేళ్ళ పిల్ల, అదీ భయపడే ఉంది. అప్పటిదాకా నాకది తోచలేదు.

"నేను చెప్తాను" అన్నాను. అక్కడే నిలబడి సుగుణకు ఫోన్ చేశాను. అంతా విని, "మామా, ఇన్ని మాటలు నువ్వే మాట్లాడినావా?" అంది ముందు. తర్వాత, "హేమ వాళ్ళమ్మతో నేను మాట్లాడతాను. లావణ్యను ఏమీ అననని చెప్పు" అంది. ఆ మాట లావణ్యకు చెప్పాను. ఆ పిల్ల విజిల్ ఊది పిల్లల్ని వరసలో నిలబెట్టి లోపలికి తీసుకెళ్ళింది. మెర్సీ, నేను అరటిపళ్ళ బండి పక్కన నీడలో కూర్చున్నాం. ఆ పూట నాకు దర్శనం లేదు. ధర్మదర్శనం గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో మెర్సీ నాలుగు అరటిపళ్ళు తిన్నది. వాళ్ళ మేక ఎన్ని పిల్లలు పెట్టిందో, ఏ పిల్లకు ఏం పేరు పెట్టారో అంతా చెప్పింది. లావణ్య తిరిగొచ్చి నా చేతిలో లడ్డూ పెట్టి, మెర్సీ ముందు గొంతుకూర్చుంది. "నాదే తప్పు మెర్సీ" అంది. మెర్సీ తల ఊపింది.

పట్టీ ఇంతవరకూ దొరకలేదు. ఎవరైనా తీశారో, మట్టిలో కలిసిందో నాకు తెలియదు. తెలియకుండా ఉండటం కూడా ఒక పద్ధతే అని ఈ వయసులో నేర్చుకున్నాను. ఎండాకాలంలో పిల్లలతో వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: సాయంత్రం నాలుగైనా గుడి చుట్టూ బండలు కాలుతూనే ఉంటాయి. చెప్పులు విప్పాక వేసుకోవడానికి పాత సాక్సులు తీసుకెళ్ళండి. మా పిల్లలు ఒంటికాలి మీద గెంతుతూ నడిచారు. ఆరుంబావు బస్సులో తిరిగి వస్తుంటే నా వెనక సీటులో గొడవ మొదలైంది. "లెయ్ మే, పోయేటప్పుడు కిటికీ కాడ నువ్వే కదా కూర్చున్నావు" అంటోంది హేమ. "నేను లెయ్యను. తాత పక్కన కూర్చునింది లెక్కలోకి రాదు" అంటోంది మెర్సీ. తోట వచ్చేదాకా ఇద్దరూ మోచేతులతో పొడుచుకుంటూనే ఉన్నారు. సర్దిచెప్పమని లావణ్య నా వైపు చూసింది. నేను వినపడనట్టు కూర్చున్నాను.