మరియమ్మకి షాహిన్ కట్టిన స్కార్ఫ్

మా చిన్నప్పుడు... జగ్గయ్యపేటలో మా బడి క్రిస్మస్ నాటకంలో నేను మరియమ్మని. నాటకం వేయించేది మా అమ్మే, అదే బడిలో టీచర్.

ఎన్నిసార్లు వేసినా నా ముసుగు జారిపోయేది. మోకరించగానే ముక్కు మీదకొచ్చేది... గొర్రెల కాపరులు ఒకటే నవ్వు.

చివరికి నా బెంచీ స్నేహితురాలు షాహిన్, సాయంత్రం ఖురాన్ చదువుకి కట్టుకెళ్లే తన తెల్ల స్కార్ఫ్ సంచీలోంచి తీసింది. గడ్డం కింద ఒక పిన్నీసు, చెవి దగ్గర ఒకటి. ఇక కదిలితే ఒట్టు.

"మరియమ్మ మాకూ ఉందే. మరియం అంటాం" అంది.

"నువ్వెందుకు కట్టుకుంటావే?" అనడిగాను.

"పెద్దయ్యాక కప్పుకోమని అల్లా చెప్పాడంట. మా దాదీమా, అమ్మీ, అత్తలు అందరూ కట్టుకుంటారుగా... నేనూ కట్టుకుంటే వాళ్లలో ఒకదాన్నయినట్టుంటది. నాకిష్టం."

అమ్మ నన్ను చూసి మురిసిపోయింది. "ఎంత పవిత్రంగా ఉందో చూడండే" అని అందరికీ చూపించింది.

సెలవుల తర్వాత షాహిన్ క్లాసుకి కూడా స్కార్ఫ్ కట్టుకొచ్చింది. పెద్దపిల్లవయ్యావన్నారట ఇంట్లో... ముఖం వెలిగిపోతోంది.

మొదటి పీరియడ్ అమ్మదే. "క్లాసులో ఇదేంటే? అందరూ ఒకేలా ఉండాలి. తీసెయ్."

"నాటకంలో బాగుందన్నారుగా టీచర్" అంది షాహిన్, మెల్లగా.

"నాటకం వేరు."

షాహిన్ పిన్నీసులు తీసింది. స్కార్ఫ్ మడిచి ఒళ్లో పెట్టుకుని, రెండు అరచేతులూ తల మీద కప్పుకుని కూర్చుంది, వానలో చిక్కుకున్న పిల్లలా. పీరియడంతా అలాగే. అమ్మ పాఠం చెప్పుకుంటూ పోయింది.

సిగ్గుతో చచ్చిపోయాను. టీచర్ కూతురినని అప్పటిదాకా ఎన్ని గొప్పలు పోయానో... ఆ రోజు ఎవరూ నా వంక చూడకపోతే చాలనిపించింది.

ఇంటికెళ్లాక అడిగాను. "చర్చిలో కొంగు తల మీదకి ఎందుకు లాక్కుంటావమ్మా?"

"దేవుడి ముందు కప్పుకోవాలి."

"షాహిన్‌కీ అంతేగా."

అన్నం వడ్డిస్తున్న అమ్మ చెయ్యి ఆగింది... మళ్లీ వడ్డించింది.

ఆ వేసవిలో షాహిన్‌ని నందిగామలో మేనత్త ఇంట్లో పెట్టి స్కార్ఫ్ కట్టుకోనిచ్చే బళ్లో చేర్పించారు.

ఇప్పుడు పేటలో స్కూటీ ఎక్కే ప్రతి ఆడపిల్లా కళ్లు తప్ప అంతా చున్నీ చుట్టుకుంటోంది. ఎండకి నేనూ అంతే. ఎందుకని ఇంతవరకు నన్నెవరూ అడగలేదు.

షాహిన్ ఇప్పటికీ నందిగామలోనే ఉందట. బస్సెక్కితే గంటలోపే... ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలో తెలియక వెళ్లలేదు.

అలాంటి స్నేహితురాలిని మీలో ఎవరైనా మళ్లీ కలిశారా... గుమ్మంలో నిలబడి మొదటి మాట ఏమన్నారో కాస్త రాయండి.