కుంకుడు నీళ్లలో నలభై రికార్డులు

సత్యకుమారికి మెలకువ వచ్చేసరికి కిటికీ దగ్గర ఉండాల్సిన ఎండ తలుపు దాకా జరిగి ఉంది. పాపను పడుకోబెట్టడానికని పక్కన వాలి, తనూ నిద్రపోయింది. రెండు గంటలో, మూడో. ఒక్క ఉదుటున లేచి స్నానాలగదిలోకి పరిగెత్తింది.

టబ్బులో నీళ్లు ఎరుపూ పసుపూ నీలమూ కలిసి మడ్డిగా ఉన్నాయి. కుంకుడు నురుగు మీద కాగితపు పేలికలు తేలుతున్నాయి. చెయ్యి పెట్టి ఒక గ్రామఫోను రికార్డు పైకి తీసింది. మధ్యలో పేరు అచ్చువేసి ఉండే గుండ్రటి లేబులు నానిన అప్పడంలా ఊడి ఆమె వేళ్లకు అంటుకుంది. ఇంకొకటి తీసింది. అదీ అంతే. నలభై రికార్డులు తీసి తువ్వాళ్ల మీద పరిచేసరికి, నలభైకి నలభై బోడిగా, ఒకదానికి ఒకటి కవలల్లా కనిపించాయి. వాటి అట్టలు హాల్లో దొంతరగా పేర్చి ఉన్నాయి. ఏ అట్టలో ఏ రికార్డు పెట్టాలో చెప్పే ఆనవాలు ఏదీ మిగల్లేదు. లేబులు ఊడిన చోటు చుట్టూ నల్లటి అంచున సూదితో గీసినట్టు ఏవో అంకెలున్నాయి గానీ, అట్టల మీది అంకెలకూ వాటికీ పొంతన కుదరలేదు.

అది మంగళవారం. రికార్డుల యజమాని యాకూబ్ గారు కంటి ఆపరేషను చేయించుకుని గురువారం మధ్యాహ్నం ఇంటికి వస్తారు.

ఆయన్ని ఆ ఇంట్లో అందరూ బాబా అంటారు. బహ్రెయిన్‌లోని ఆవాలీ చమురు శుద్ధి కర్మాగారంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరై, ఈసా టౌన్‌లో ఉంటున్నారు. సత్యకుమారిది ముమ్మిడివరం పక్కన చిన్న ఊరు. 1992లో ఇంటిపనికి ఈ ఇంటికి వచ్చింది. భర్త వీరబాబు అప్పటికే బహ్రెయిన్‌లో కూలి పని చేస్తూ, గుదైబియాలో తొమ్మిది మంది మగవాళ్లతో ఒక గదిలో ఉండేవాడు. శుక్రవారాలు నయీమ్‌లో ఒక టీకొట్టు పక్కన ఇద్దరూ నిలబడి గంటసేపు మాట్లాడుకునేవాళ్లు. రెండేళ్లు వాళ్ల కాపురం ఆ గంటే. సంగతి తెలిసిన బాబా, పాత డ్రైవరు వెళ్లిపోయినప్పుడు వీరబాబును పనిలో పెట్టుకున్నారు. ఇంటి వెనక గది ఇచ్చారు. పాప లక్ష్మిప్రసన్న ఆసుపత్రి నుంచి నేరుగా ఆ గదికే వచ్చింది. ఇప్పుడు దానికి ఏడాదిన్నర.

పాప ఇక్కడ ఉండాలంటే కఫీల్, అంటే వాళ్లకు పూచీ ఉన్న యజమాని, సంతకం చేసిన కాగితం మళ్లీ దాఖలు చేయాలి. గడువు ఈ నెలాఖరు. గురు, శుక్రవారాలు ఆఫీసుకు సెలవు. బాబా వచ్చాక అది తెరిచేది శనివారం, అదే ఆఖరి రోజు. బాబా కూతురు మరియం బడిలో టీచరు. ఆమె చెడ్డమనిషి కాదు. కానీ ఆమె లెక్క ఆమెకుంది. నాన్నకు చూపు తగ్గుతోంది, ఆయన్ని చూసుకోవాల్సిన మనిషి పిల్లను చూసుకుంటోంది, ఒక్క పొరపాటు జరిగినా తల్లీపిల్లలను ఊరికి పంపి ఒంటరి మనిషిని తెచ్చుకుందాం అని తండ్రితో అంది. సత్యకుమారి ఎదురుగానే అంది. బాబా కాదనలేదు. ఆపరేషను అయ్యాక సంతకం సంగతి చూద్దాం అన్నారు.

అందుకే ఆమె ఆ పనికి పూనుకుంది. ఆసుపత్రికి వెళ్తూ బాబా రికార్డుల మీద దుమ్ము తుడిచి ఉంచమన్నారు. ఎప్పుడూ వాటిని మెత్తటి బ్రష్షుతో ఆయనే తుడుచుకునేవారు. తుడవడం ఏమంత పని, కొత్తవాటిలా చేసి చూపిస్తాననుకుంది. ఆమె ఎరిగినంతలో విలువైన వస్తువును నొప్పించకుండా శుభ్రం చేసేది కుంకుడు రసం ఒక్కటే. గొలుసులైనా పట్టుచీరలైనా అందులో నానాల్సిందే. పాప తల రుద్దడానికి ఊరి నుంచి తెప్పించుకున్న కాయలు సగం కొట్టి, రసం తీసి, చల్లారబెట్టి మరీ టబ్బులో పోసింది. లేబుళ్ల మీది అక్షరాలు చదవడం రాకపోయినా, వాటి ఆకారాలు అట్టల మీది అక్షరాలతో సరిచూసి పెట్టేయొచ్చనుకుంది. అయిదు నిమిషాలు నానితే చాలనుకుంది. సరిగ్గా అప్పుడే పాప ఏడ్చింది.

సాయంత్రం వీరబాబు వచ్చి తువ్వాళ్ల మీద రికార్డులు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నానబెట్టావా? అయ్యేవన్నా మీ పిన్ని పెళ్లి చీరలనుకున్నావేటే?"

అతను కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని, అన్నీ అట్టల్లో తోచినట్టు దూర్చేద్దాం అన్నాడు. బాబాకు ఓ కన్ను కట్టుతో ఉంటుంది, రెండోది మసక. శనివారం దాకా రికార్డు అడక్కపోతే చాలు, కాగితం దాఖలైపోయాక జరిగేది జరుగుతుంది.

"ఇంట్లో అడుగు పెట్టగానే బాబాగారడిగేది అయ్యేనండి," అంది సత్యకుమారి.

అది ఇద్దరికీ తెలుసు. నాలుగేళ్లుగా రోజూ మధ్యాహ్నం, ఆమె ఆ గదిలో బట్టలు ఇస్త్రీ చేస్తుంటే ఆయన రికార్డులు వేసేవారు. ఆ సంగీతం పేరు జాజ్. పద్దెనిమిదేళ్ల వయసులో, ఆవాలీలో తన పై అధికారిగా ఉన్న అమెరికా ఇంజనీరు ఇంట్లో మొదటిసారి విన్నారట. ఆ దొర దేశం వెళ్లిపోతూ కొన్ని ఇచ్చి వెళ్లాడు. మిగిలినవి బాబా ఏళ్ల తరబడి తెప్పించుకున్నారు. వాటిని సంవత్సరాల వరసలో వేసేవారు. వేసేటప్పుడు అట్ట ఎత్తి చూపి, తమ సగం హిందీ సగం అరబ్బీ మాటల్లో కథ చెప్పేవారు. విన్నదో లేదో ఆమెకే తెలియదు. ఇస్త్రీపెట్టె నడుస్తూ ఉండేది, పాట నడుస్తూ ఉండేది.

బుధవారం పొద్దున మరియం బడికి వెళ్లే వేళ దాటాక, పాపను చంకనేసుకుని ప్లేయరు ముందు కూర్చుంది. మొదటి రికార్డు పెట్టి ముల్లు దించింది. రికార్డు పాడైపోలేదు. మునుపటికంటే శుభ్రంగా పలికింది. అది వినగానే ఆమె మోచేతులు గుర్తుపట్టాయి. ఇది చొక్కాల రికార్డు. ఈ పాటకు చెయ్యి తనంతట తనే గబగబా నడిచేది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక పదహారు మంది కూర్చుని వాయించే పెద్ద మేళాలను పోషించేవాళ్లు తగ్గిపోయారని బాబా చెప్పారు. నలుగురైదుగురు కుర్రాళ్లు చిన్న గదుల్లో చేరి, ఎవరూ డాన్సు చేయలేనంత వేగంగా వాయించడం మొదలుపెట్టారు. కూర్చుని వినండి, అంతే, అన్నట్టు. దాన్ని బీబాప్ అన్నారు. చార్లీ పార్కర్ శాక్సఫోను ఊపిరి తీసుకోకుండా పరిగెత్తేది. బుగ్గలు బూరెల్లా ఉబ్బించిన డిజీ గిలెస్పీ ట్రంపెట్ దాని వెంటపడేది. అట్టల దొంతరలో ఆ బుగ్గల మనిషిని వెతికి పక్కన పెట్టింది. ట్రంపెట్ ముందుగా వినిపించే రికార్డును ఆ అట్టలో పెట్టింది. మిగిలిన ఉరుకులకు బాబా ఎత్తి చూపిన అట్టలను ఒక్కొక్కటిగా గుర్తుకు తెచ్చుకుంది.

పదింటికల్లా పరుగు రికార్డులు పదకొండు తేలాయి. తర్వాతవి చల్లటివి. ఆ పరుగుకు అలిసిపోయినవాళ్లు గొంతు తగ్గించి, పక్క మంచం మీది మనిషితో మాట్లాడినట్టు వాయించారు. అవి వస్తే ఆమె పరదాలు ఇస్త్రీ చేసేది, తొందర ఉండేది కాదు. ఆ తర్వాత న్యూయార్క్ వైపు వాళ్లకు ఆ చల్లదనం నచ్చలేదట. తమ చర్చి పాటలూ చప్పట్లూ తెచ్చి డ్రమ్ముల మీద వేశారు. దాన్ని హార్డ్ బాప్ అనేవారు బాబా. ఆమెకు ఆ పేరు అక్కర్లేదు. ముమ్మిడివరం దగ్గర వాళ్ల పేట చివర చర్చిలో ఆదివారం పాట ఎలా ఊగేదో ఆ ఊపు వస్తే చాలు. ఆర్ట్ బ్లేకీ డ్రమ్ములు గోడ అవతల నుంచి కూడా పోల్చగలదు. ఇక మైల్స్ డేవిస్ ట్రంపెట్ ఒకచోట నిలబడిపోయిన కాలం. స్వరాలు గబగబా మారవు. తంబూరా మీటుతూ కూర్చున్నట్టు ఒకే మెట్టు మీద చాలాసేపు ఉంటుంది.

ఇరవై ఆరోది వింటుండగా గేటు చప్పుడైంది. మరియం. బడిలో పరీక్షలేమో, ముందే వచ్చింది. సత్యకుమారి ముల్లు ఎత్తేసి, బోడి రికార్డుల మీద దుప్పటి పరిచింది. మరియం గుమ్మం దగ్గర నిలబడి గదంతా చూసింది. నాన్న లేనప్పుడు ఎవరు వేస్తున్నారు వీటిని అని అడిగింది.

"తుడిచాక గీతలు పడ్డాయేమోనని చూస్తున్నానండి."

అది పూర్తిగా అబద్ధం కాదు. మరియం పాప వైపు చూసింది. పాప దుప్పటి అంచు పట్టుకుని లాగుతోంది. సత్యకుమారి మోకాలితో ఆ అంచు నొక్కిపెట్టింది. ఆసుపత్రికి పళ్లు పంపాలి, కారు తీయమను అని చెప్పి మరియం వెళ్లిపోయింది. ఆమె అడుగుల చప్పుడు పూర్తిగా ఆగేదాకా సత్యకుమారి మోకాలు కదల్చలేదు.

సాయంత్రానికి ముప్పై ఎనిమిది రికార్డులు అట్టల్లోకి చేరాయి. మిగిలినవి రెండు. రెండూ సంవత్సరాల వరసలో ఆఖరివి. తాళమూ లేదు, పాటా లేదు, సంతలో అందరూ ఒక్కసారే బేరమాడుతున్నట్టు ఉంటాయి. ఎవరికి తోచింది వాళ్లు వాయించే స్వేచ్ఛ అని బాబా వాటి గురించి చెబుతూ చెయ్యి ఊపేవారు. ఒకటి జాన్ కోల్ట్రేన్‌ది. ఇంకొకటి ప్లాస్టిక్ శాక్సఫోను వాయించే మనిషిది. అవి మొదలయ్యాయంటే పాప గుక్కపట్టేది. ఇస్త్రీ ఆపి దాన్ని ఎత్తుకుని వెనక గదికి వెళ్లిపోయేది. ఏడాదిన్నరగా వాటిని అయిదు నిమిషాలకు మించి విన్నది లేదు. అంతకుముందు విన్నవి ఆమెకు ఒకే గోలలా కలిసిపోయాయి. రెండింటినీ పదేసి సార్లు వేసి, చివరికి ఒకటి ఇందులో, ఒకటి అందులో పెట్టింది.

గురువారం బాబా వచ్చారు. కుడి కంటికి కట్టు. పైన నల్లద్దాలు. మరియం ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, సంచిలోంచి పాప కాగితం తీసి ఒళ్లో పెట్టుకుంది. ఇదీ తేల్చేద్దాం నాన్నా అంది. ఆయన ముందు పాట అన్నారు. పార్కర్‌ను అడిగారు. సత్యకుమారి తెచ్చి వేసింది. పార్కరే. ఆయన వేళ్లు కుర్చీ చేతి మీద తాళం వేశాయి. ఎంత శుభ్రంగా ఉందో అన్నారు. బ్లేకీని అడిగారు. అదీ సరిగ్గానే వచ్చింది. గుమ్మం దగ్గర వీరబాబు పాపను భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. అతని మెడ నరాలు సడలడం ఆమెకు కనిపించింది.

అప్పుడు బాబా కోల్ట్రేన్ చివరి రికార్డు వేయమన్నారు.

ఆమె వేసింది. శాక్సఫోను అరిచింది. డ్రమ్ములు కలిసాయి. బాబా వేళ్లు ఆగిపోయాయి. తల పక్కకు వంచారు. నిమిషం, రెండు నిమిషాలు.

"ఇందులో పియానో ఉండాలి. నాకు వినపడటం లేదు. మరియం, నీకు వినిపిస్తోందా?"

మరియం కాగితంలో తేదీలు చూసుకుంటోంది. ఆ సంగీతం ఆమెకు చిన్నప్పటి నుంచీ గోలే. "వినిపిస్తోంది నాన్నా, ఉంది," అంది తల ఎత్తకుండా.

బాబా ఇంకా కాసేపు విన్నారు. చెయ్యి చెవి దాకా వెళ్లి, ఒళ్లో పడిపోయింది.

"కళ్లు సరే, కోశారు, కట్టు కట్టారు. ఇప్పుడు ఇవి కూడానా."

మరియం ఈసారి తల ఎత్తి తండ్రిని చూసింది. ఆ చూపులో భయం ఉంది. డాక్టరుకు ఫోన్ చేయాలా అన్నట్టు లేవబోయింది. వీరబాబు గుమ్మం దగ్గర నుంచి భార్యకు తల అడ్డంగా ఊపాడు, వద్దు, ఊరుకో అని. ఊరుకుంటే సరిపోయేదే. రెండో రికార్డు మార్చి పెట్టి, ఇందాక పొరపాటున వేరేది తీశానంటే చాలు. శనివారం దాటిపోతుంది. కానీ ఆయన ముఖం ఆమెకు ఎదురుగా ఉంది. తన చెవుల్ని తానే నమ్మలేని మనిషి ముఖం అది.

"పియానో లేదండి బాబా," అంది. "మీ చెవులకేం కాలేదు. ఇది ప్లాస్టిక్ శాక్సఫోను ఆయనది. నేను తప్పు అట్టలో పెట్టాను."

మిగతాది ఆమె నోటి నుంచి ఆగకుండా వచ్చేసింది. కుంకుడు రసం, పాప ఏడవడం, నిద్రపోవడం, ఊడిన లేబుళ్లు, అన్నీ. పాప మాట వచ్చినప్పుడు మరియం కాగితం మడత పెట్టడం చూసింది. అయినా ఆగలేదు.

బాబా రికార్డు ఇమ్మన్నారు. తీసి చేతికిచ్చింది. బొటనవేలితో మధ్యభాగం తడిమారు. అక్కడ గరుకుగా మిగిలిన కాగితపు పీచు తగిలి వేలు ఆగింది. ఎన్ని ఇలా ఉన్నాయని అడిగారు.

"అన్నీనండి. నలభై."

"మరి పార్కర్ ఎలా దొరికాడు?"

"విని పెట్టాను. ముప్పై ఎనిమిది సరిగ్గానే ఉన్నాయండి. ఈ రెండే తెలీలేదు."

మరియం తండ్రితో అరబ్బీలో గబగబా ఏదో అంది. ఆయన చెయ్యెత్తి ఆపి, వెళ్లి కింది అరలోంచి ఏదో ఒకటి తీసి వెయ్యమన్నారు, అట్ట సత్యకుమారికి చూపించకుండా. మరియం ఇష్టం లేకుండానే లేచింది. ముల్లు పడిన నాలుగు క్షణాలకే సత్యకుమారి, తెల్లచొక్కా వేసుకుని నీటి ఒడ్డున కూర్చున్న మనిషి అట్ట అని చెప్పింది. మరియం చేతిలోని అట్ట చూసుకుని ఇంకొకటి వేసింది. అదీ చెప్పింది. మూడోది వేయడానికి ముందు మరియం చాలాసేపు వెతికింది. దాని అట్ట మీద బొమ్మే లేదు, ఉత్త అక్షరాలు. నీలం అక్షరాలు, కింద మూల చిరిగి ఉంటుంది, మైల్స్ అంది సత్యకుమారి. మరియం అట్ట తిప్పి మూల చూసి, అరలో పెట్టేసింది.

బాబా మొహంలో నవ్వు లేదు. "నువ్వు వాటిని పాడు చేశావు," అన్నారు. "ముప్పై నలభై ఏళ్ల నాటి లేబుళ్లు. ఇక వాటిని నువ్వు తడపొద్దు. తుడవొద్దు కూడా."

"అలాగేనండి."

"కాగితం ఏది?"

మరియం కదల్లేదు. ఇవి పాడైంది ఆ పిల్ల మూలానే కదా అంది మెల్లగా.

"నువ్వు ఉందన్నావు పియానో," అన్నారు ఆయన.

మరియం మెడ కింద నుంచి ఎర్రబడింది. మడిచిన కాగితం విప్పి, బల్ల మీద పెట్టి, చేత్తో చదును చేసింది. బాబా కలం పట్టుకుని, గీత ఎక్కడుందో చూపించమని చెయ్యి చాపారు. చాపింది సత్యకుమారి వైపు. ఆమె ఆయన వేలు పట్టుకుని కాగితం మీద ఆనించింది.

సంతకం గీత దాటి కిందికి జారింది. మరియం దాన్ని తీసుకుని వెలుతురులోకి పట్టి చూసింది. ఆఫీసువాళ్లు దీన్ని ఒప్పుకోకపోవచ్చు, నేను వెంట ఉండాలి అని తనలో తను అనుకున్నట్టు అంది. సంతకం పక్కన తేదీ తన దస్తూరీతో శుభ్రంగా వేసి, సంచిలో పెట్టుకుని, వీరబాబు వైపు తిరిగింది.

"శనివారం ఏడింటికి కారు గేటు దగ్గర ఉండాలి. పాపను కూడా తీసుకురా. అడిగితే చూపిద్దాం."