కేతనాయకుడి అతిసారం

మల్లికార్జునరావు మాస్టారు ఇరవై నాలుగేళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లో రాజుల్ని చంపుతున్నాడు. పొద్దున ఆరున్నర బ్యాచ్‌లో ఒకసారి, పది గంటల బ్యాచ్‌లో ఒకసారి. ఏ రాజు ఎప్పుడు, ఎక్కడ, ఎలా పోయాడో గ్రూప్స్‌కు చదివే పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెప్పేలా తయారుచేయడం ఆయన పని. మెట్రో స్తంభాల పక్క సందులో, మూడో అంతస్తులో, మోచేతులు రాసుకుంటూ రెండు వందల మంది కూర్చునే హాలు. రేపల్లె దగ్గర నుంచి తానూ గ్రూప్స్ రాద్దామనే వచ్చి, రాసి రాసి, చివరికి రాయించేవాడుగా మిగిలిపోయాడు. ఆస్తి లేదు, పేరు లేదు. తప్పు చెప్పడన్న మాట ఒక్కటే ఉంది. ఒకసారి ఏదో యుద్ధం ఏడాది తేడాగా చెప్పి, మర్నాడు అన్ని బ్యాచ్‌లకూ తిరిగి మరీ దిద్దించాడు.

అలాంటి మనిషి కొంపకు కేతనాయకుడు నిప్పు పెట్టాడు.

కేతనాయకుడు చిన్న కోటకు చిన్న రాజు. పాఠ్యపుస్తకంలో మూడు వాక్యాల వాడు. దండయాత్రకు పోతూ దారిలో విడిది చేసిన చోట అతిసారం పట్టుకుని చనిపోయాడని సొంత తమ్ముడే శాసనం వేయించాడు. ఆయన మీద ఈ వేసవిలో సినిమా వచ్చింది. అందులో రాజుకు మూడు వందల బాణాలు దిగుతాయి. ఒక్కో బాణం తాపీగా వస్తుంది, ఒక్కో నెత్తురు బొట్టు తాపీగా రాలుతుంది, ఆయన నిలబడే ప్రాణం వదులుతాడు. కొత్తపేట నుంచి ఎల్బీనగర్ దాకా కటౌట్లు, పాలాభిషేకాలు. క్లాసు ఎగ్గొట్టి మార్నింగ్ షోకు పోయిన పిల్లలు సినిమాలో రాజులాగే నుదుట ఎర్ర నామాలతో, అరిచి అరిచి బొంగురుపోయిన గొంతులతో తిరిగొచ్చారు.

మాస్టారు నవ్వి ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు.

"సినిమా సినిమాయే. బిట్టు వస్తే మాత్రం గుర్తుపెట్టుకోండి. కేతనాయకుడు యుద్ధంలో చావలేదు. అతిసారంతో పోయాడు."

"అతిసారం అంటే ఏంది సార్?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"విరేచనాలయ్యా."

హాలు గొల్లుమంది. నవ్వనివాడు ఒక్కడే లేచి నిలబడ్డాడు. తుర్కయంజాల్ నుంచి వచ్చే శ్రీనివాస్. సినిమా మూడుసార్లు చూశాడు.

"సార్, జర మర్యాదగ మాట్లాడున్రి. పోయాడు ఏంది? ఆయన మీకు దోస్తా?"

"పుస్తకంలో ఉన్నట్టే అన్నానయ్యా. రాముడు వచ్చాడంటాం, కృష్ణుడు వెళ్లాడంటాం. దేవుళ్లకే లేని 'రు' రాజులకెందుకు?"

"మీ దిక్కు రాజునైతే గిట్లనే అంటరా?"

ఇదే శ్రీనివాస్ కిందటి వారం సెలవు అడుగుతూ, "మా బాపుకు పానం బాగలేదు సార్, దవాఖానల ఉన్నడు" అన్నాడు. కన్నతండ్రిని ప్రేమగా 'ఉన్నడు' అనగలిగినవాడికి, ఎన్నడూ చూడని రాజుకు 'రు' లేకపోతే రక్తం ఉడికింది. ఈ మాట మాస్టారికి అప్పుడే తట్టింది. అన్నా వినేవాడెవడు?

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. ఈ రోజుల్లో ఆ జారిన నోటిని ఫోన్లో పట్టి ఊరంతా తిప్పుతారు. సాయంత్రానికి వీడియో పన్నెండు సెకన్లకు కుదించుకుపోయింది. అందులో శాసనం లేదు, బిట్టు లేదు. 'విరేచనాలు', 'పోయాడు', ఆ మీద నవ్వులు. మర్నాడు ఎర్ర నామాల వాళ్లు పాతికమంది వచ్చి కోచింగ్ సెంటర్ బోర్డు పీకి రోడ్డు మీద పారేశారు.

సెంటర్ నడిపే గౌతమ్ ఒకప్పుడు ఆయన శిష్యుడే. తలుపేసి కూర్చోబెట్టాడు.

"మీరు చెప్పింది కరెక్టే సార్. నేనూ అదే రాసి మార్కు తెచ్చుకున్నాను. కానీ కింద ఉన్నవాళ్లకు శాసనం చూపిస్తామా? ఒక వీడియో చేయండి. కేతనాయకుడు గారు వీరమరణం పొందారు, పొరపాటున నోరు జారాను అనండి."

"గారు అంటాను. ఒకటి కాదు, పది 'రు'లు అంటాను. వీరమరణం మాత్రం అనలేనయ్యా."

"రెండు రోజులు ఆలోచించుకోండి సార్. నిన్న ఒకమ్మాయి వచ్చి హిస్టరీ డెమో ఇచ్చి వెళ్లింది. బాగానే చెప్తోంది."

బడంగ్‌పేట్‌లో ఇంటికొచ్చి భార్య సూర్యప్రభకు చెప్పాడు. ఆవిడ కళ్లు తుడుచుకుంది. "యాభై నాలుగేళ్లొచ్చాక మిమ్మల్ని ఎవరు పిలుస్తారండీ? ఆ రాజు ఎలా పోతే మనకేంటి? అసలా సినిమా చూశారా మీరు?"

చూడలేదు. మర్నాడు ఇద్దరూ ఎల్బీనగర్‌లో మ్యాటినీకి వెళ్లారు. తెర మీద మొదటి తల తెగగానే హాల్లో చింపిన కాగితాలు ఎగిరాయి. పక్క సీటావిడ ఒళ్లోని పసిదాని చెవులు మూసి, తను మాత్రం నోరారా అరిచింది. మాస్టారు తప్పులు లెక్కపెడుతూ కూర్చున్నాడు. ఆ కాలంలో ఆ ఫిరంగి లేదు, ఆ జెండా లేదు, ఆ కోటకు అన్ని బురుజులు లేవు. చివరికి బాణాలు మొదలయ్యాయి. రాజు ఒరగకుండా నిలబడ్డాడు. అబద్ధమని లోకంలో అందరికంటే బాగా తెలిసిన ఆ మనిషికి ఒళ్లు గగుర్పొడిచింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చేతులు వాటంతటవే చప్పట్లు కొట్టాయి. సూర్యప్రభ ఆయన వంక చూసి మళ్లీ తెర వైపు తిరిగింది. ఈ సినిమా ముందు తన మూడు వాక్యాలు నిలవవని ఆయనకు ఆ పూటే తెలిసిపోయింది, అంతకంటే దుఃఖం ఆయన జీవితంలో లేదు.

వీడియో చేశాడు. అన్ని 'రు'లూ అన్నాడు. వీరమరణమూ అన్నాడు. శ్రీనివాస్ వచ్చి కాళ్లకు మొక్కి సెల్ఫీ దిగాడు. బోర్డు మళ్లీ ఎక్కింది.

వారం తర్వాత క్లాసు అయ్యాక మెట్ల మీద సంతోషి ఆపింది. దేవరకొండ దగ్గరి పిల్ల. రోజూ మొదటి బెంచీ. వయసు మీరుతోంది, ఇదే ఆఖరి పరీక్ష.

"సార్, మీతోని బలవంతంగ అనిపిచ్చిన్రని అందరంటున్నరు. నేను ఎవ్వలకు చెప్ప. పరీక్షల వస్తే ఏం పెట్టాలె? నిజంగ ఎట్ల పోయిండు?"

ఆయన ముందు ఆ పిల్ల ముఖం చూడలేదు. చేతిలో ఫోన్ ఉందేమోనని చూశాడు. ఉంది. నల్లగా ఉంది తెర. రికార్డు అవుతోందో లేదో ఆయనకేం తెలుస్తుంది? పైమెట్టు మీద ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు.

"వీరమరణం పొందారమ్మా," అన్నాడు. "అదే పెట్టు."

సంతోషి ముఖం తేలికపడింది. "మీరు చెప్పినంక ఇంకేం పరేషాన్ లేదు సార్" అని, నోట్సు మోకాలి మీద పెట్టుకుని, 'అతిసారం' కొట్టేసి పైన 'వీరమరణం' అని రాసుకుంది.