పుత్తూరు కట్టు కత్తిరించి వాయించిన పాటలు

మా గిటార్ సారు పోయారన్న కబురు శ్రీసిటీ ఫ్యాక్టరీ క్యాంటీన్లో, చేతిలో సాంబారన్నం ప్లేటు ఉండగా తెలిసింది. ఫోన్ చేసింది ఆయన భార్య. ఆమెను శిష్యులమంతా అక్కా అని పిలుస్తాం. "మీ సారు ఎల్లిపోయినాడప్పా" అని మాత్రం అంది. ప్లేటు ఎక్కడ పెట్టాలో తోచక అలాగే నిలబడ్డాను.

తిరుపతి బస్టాండు వెనక ఒక టిఫిన్ హోటల్ మేడమీద గదిలో ఆయన మాకు నేర్పేవారు. దోసె తిన్న చేత్తో తీగలు ముట్టుకుంటే ఊరుకునేవారు కాదు. పెళ్ళిళ్ళలో, తిరునాళ్ళలో ఆర్కెస్ట్రాకు సినిమా పాటలు వాయించి బతికిన మనిషి. ప్రాణం మాత్రం ఒక పాత క్యాసెట్లో ఉండేది. మద్రాసులో పాత సామాన్ల అంగట్లో దొరికిందట. అమెరికాలో లూసియానా అనే చోట పుట్టిన ఒక నల్లజాతి ముసలాయన గిటారు, గొంతు. ఆ పాటల్ని బ్లూస్ అంటారు. మాటలు మాకు సగం కూడా తెలిసేవి కాదు.

"ఆయప్ప నాయన గూడా చెరుకు కొట్టేవోడంట. మా నాయనా అంతే. ఇంగ అర్థం కాకపోడానికి ఏముండాది?" అనేవారు సారు.

కొత్తగా చేరినవాణ్ణి వారందాకా గిటారు పట్టనిచ్చేవారు కాదు. "వాయించడం యాడికి పోతాది? ముందు ఇనడం నేర్సుకో." నాకు అది అబ్బలేదు. నేను తొందర మనిషిని.

ఆ తొందరే ఆయన కొంప ముంచింది. లూసియానా బాణీలో, మన చెరుకు తోటల మాటలతో ఆయన నాలుగు పాటలు కట్టారు. వాటిని రికార్డు చేయించాలని నా పంతం. స్నేహితుడి స్టూడియో ఒక్కరోజు ఊరికే దొరికింది. అంతకు కొన్ని వారాల ముందే సారు బండిమీంచి పడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నారు. పుత్తూరులో ఎముకలు కట్టే వైద్యుల దగ్గర కట్టు కట్టించాం. మూడు కట్లు పడేదాకా కదపొద్దన్నారు. రెండే పడ్డాయి.

"ఈ రోజు పోతే మళ్ళా దొరకదు సార్" అన్నాను. కత్తెర తెచ్చి కట్టు కత్తిరించిందీ నేనే.

నాలుగు పాటలూ వాయించారు. ఆ తర్వాత ఆ వేళ్ళు తీగమీద వంగలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మళ్ళీ పుత్తూరుకు పరుగెత్తాం, లాభం లేకపోయింది. ఆర్కెస్ట్రావాళ్ళు పిలవడం మానేశారు. పాటలు నెట్లో పెడితే విన్నది ఇంచుమించు మేమే. ఎవరడిగినా సారు, "దురద తట్టుకోలేక నేనే ఇప్పేసినా" అనేవారు. అక్కకూ అదే చెప్పారు. పక్కనే ఉండి నేను నోరు మెదపలేదు. గిటారును మాత్రం రోజూ తుడిచి, మళ్ళీ గోడకు ఆనించేవారు.

పదకొండో రోజు భోజనాలయ్యాక అక్క సారు పాటలు పెట్టమంది. ఫోన్లో దాచుకున్న రికార్డింగు నొక్కాను. తొందరలో నొక్కింది నెట్లో పెట్టినది కాదు, మధ్య మాటలు కత్తిరించని అసలుది. దాన్ని ఒక్కసారైనా వినే ధైర్యం నాకు ఎన్నడూ లేకపోయింది. మూడో పాట ఆగగానే సారు గొంతు వినబడింది.

"నొస్తా ఉండాదప్పా. కట్టు తీయకుండా ఉండాల్సింది."

"తీసేసినా గదా సార్, ఇంకొక్కటే." అది నా గొంతు.

గది నిండా చుట్టాలు. క్షమించమని అడగడానికి ఆయన లేరు. ఫోన్ ఆపబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ" అంది, నా మొహం చూడకుండా. "ఆయన గొంతు ఇంగ నాకు యాడ దొరుకుతాది?"

నాలుగో పాట మొదలైంది. అది అయిపోయేదాకా ఆమె పట్టు వదులు కాలేదు.